ఊడ్చిన దిబ్బ

రిసాలత్ ఖాలా నోటికి జడవని వాళ్ళు మా మొహల్లాలో ఇద్దరే. ఒకరు చెవుడున్న మూసా తాత, రెండోది ఆవిడ పెరట్లో ఉన్న అంజీరు చెట్టు. మిగతా వాళ్ళందరూ ఆవిడ ఎదురొస్తే తలగుడ్డ సర్దుకుని, చేతిలో ఉన్నది కిందపడకుండా గట్టిగా పట్టుకుని నడిచేవాళ్ళే.

పద్దెనిమిదేళ్ళకు ఆ ఇంటి కోడలిగా వచ్చింది. బడికి వెళ్ళింది నాలుగు తరగతులే, ఆ తర్వాత పత్తి చేలే ఆమె బడి. అంజీరును చలికాలానికి పడుకోబెట్టడం అత్త నేర్పింది. చెప్పి నేర్పలేదు, గిల్లి నేర్పింది. కొమ్మను తప్పు పక్కకు వంచితే మోచేతి మీద ఒక గిల్లు, మట్టి పల్చగా వేస్తే ఇంకో గిల్లు. మొగుడు గుండెనొప్పితో ఉన్నట్టుండి పోయాక, చేతుల్లో పసివాడితో మిగిలిన రిసాలత్‌ను నిలబెట్టింది ఆ చెట్టే. తెల్లవారకముందే పళ్ళు కోసి, వాటి ఆకుల మీదే వాటిని పేర్చి, పళ్ళెం నెత్తిన పెట్టుకుని బజారుకు నడిచేది. అంజీరు పండు మధ్యాహ్నం దాకా ఆగదు, అందుకే ఆవిడా ఎవరికోసమూ ఆగేది కాదు.

అంజీరుకు మా ఫెర్గానా లోయ ఎండంటే ప్రాణం, మా ఫెర్గానా చలంటే చావు. అందుకే ఆకు రాలగానే కొమ్మల్ని కట్టలు కట్టి, మెల్లగా నేలకు వంచి, గోతిలో పడుకోబెట్టి, పైన రెల్లు, గడ్డి, పాత కంబళి కప్పి, ఆపైన మట్టి పోసి పూడుస్తారు. వసంతం దాకా పెరట్లో సమాధిలాంటి దిబ్బ ఒకటి ఉంటుంది. పనితనమంతా వంచడంలోనే ఉంది. మొక్కప్పుడు ఏ పక్కకు ఒరగడం మప్పారో చెట్టు ఆ పక్కకే ఒరుగుతుంది. రెండో పక్కకు లాగితే విరిగి చేతిలోకొస్తుంది.

ఈ పనిలో రిసాలత్‌ను మించిన చెయ్యి మొహల్లాలో లేదు. ప్రతి ఇంటి నుంచీ పిలుపు వచ్చేది. వెళ్ళి, దిబ్బ చుట్టూ ఒక చుట్టు తిరిగి, చేతికర్రతో నాలుగు చోట్ల పొడిచి చూసేది.

"ఇది పూడ్చడమా? పిల్లి కప్పెట్టినట్టు కప్పెట్టావు. తియ్యి, మళ్ళీ వెయ్యి."

మళ్ళీ వేసేవాళ్ళు. వసంతంలో దిబ్బ తెరిచే రోజునా అంతే. ఖాలా తన దిబ్బ తెరిచి, కొమ్మ గీరి చూసి తల ఊపితే గాని మిగతా ఇళ్ళవాళ్ళు పార ముట్టుకునేవాళ్ళు కారు. మనిషికి పొలం ఉండొచ్చు, మేడ ఉండొచ్చు. రిసాలత్‌కు ఉన్నది ఈ పేరు. దాన్ని పట్టుకునే అంత నిటారుగా నడిచేది.

ఇంక కోడలి సంగతి. కొడుకు తొల్కిన్ ఊళ్ళో బస్సు నడుపుతాడు. శీతాకాలం మొదట్లో పెళ్ళి చేసింది. పిల్ల పేరు ముహయ్యో. పట్నంలో తొమ్మిదో అంతస్తులో పెరిగింది. ఆ పిల్ల మా ఇళ్ళ మధ్య అడుగు పెట్టేసరికి అంజీర్లన్నీ అప్పటికే మట్టి కింద నిద్రలో ఉన్నాయి. వంచడం చూడలేదు, పూడ్చడం చూడలేదు. చూసింది దిబ్బ ఒక్కటే.

మా దగ్గర కొత్త కోడలి విలువ చీపురుతో తూస్తారు. పొద్దు పొడవకముందే వాకిలీ పెరడూ ఊడిచిన చప్పుడు వీధిలోకి వినిపించాలి. ఆ చప్పుడు వినడానికే పక్కింటి సనోబర్ పెందలాడే లేస్తుందని చెప్పుకుంటారు. చెప్పుకోవడం ఎందుకు, నిజమే. ముహయ్యో మొదటిరోజు ఊడ్చిన పెరడు చూసి రిసాలత్ అన్న మాట ఆ గోడ దాటి సనోబర్ దాకా వెళ్ళింది.

"ఏమే, ఊడ్చావా, నేలకు చక్కిలిగింత పెట్టావా?"

ఆ పిల్ల తెల్లగా నవ్వింది, చీపురు మళ్ళీ అందుకుంది. నాలుక కొరుక్కుని పనిచేసే రకం. ఎదురు చెప్పదు, ఎందుకూ అని అడగదు. ఎందుకూ అని అడిగే పిల్ల అయితే ఈ కథ లేదు.

చిల్లా వచ్చింది. ఏడాది మొత్తంలో మా వాళ్ళు చలికి భయపడే నలభై రోజులు అవే. అందులో ఓ పొద్దున కొండమీది ఊరి నుంచి ఫోను: రిసాలత్ వాళ్ళ అక్క మొగుడు పోయాడని. బయల్దేరుతూ గుమ్మంలో నిలబడి కోడలికి రెండు పనులు అప్పజెప్పింది.

"నేనొచ్చేదాకా ఊడవడం మానకు. మంచు పడితే మరీ. ఆ సనోబర్ కళ్ళన్నీ మన పెరట్లోనే ఉంటాయి, ఒక్క మచ్చ కనిపించకూడదు."

"అలాగేనమ్మా."

"గువ్వలకు మేత. చూరు కింద మన గువ్వలున్నాయి చూడు, ఈ చలికి వాటికి గింజ దొరకదు. దస్తర్‌ఖాన్ గుడ్డ మీద రాలిన రొట్టె ముక్కలు, గుప్పెడు జొన్నలు వెయ్యి. అయితే ఒకటి. రొట్టె ముక్క కాలికింద పడిందో, ఆ పాపం నీదే. మనుషులు తొక్కని చోట వెయ్యి."

"ఎక్కడ వెయ్యనమ్మా?"

"కళ్ళు లేవూ? చూసుకుని వెయ్యి." బస్సు హారన్ కొడుతోంది. ఆవిడ వెళ్ళిపోయింది.

ఆ రాత్రంతా మంచు కురిసింది. కొండమీద అక్క ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని, చావు ఇంట్లో కూడా రిసాలత్ లోలోపల సంతోషపడింది. మంచు దిబ్బ మీద దిట్టంగా పడితే, తర్వాత ఎంత చలి పెట్టినా లోపలికి దిగదు. దుప్పటి మీద దుప్పటి అన్నమాట. మర్నాడు ఆకాశం గాజులా తేటపడి, ఎప్పుడూ ఎరగని చలి మొదలైంది. బావుల్లో నీళ్ళు బిగుసుకున్నాయి. కొండదారి మూసేశారు. మూడు రోజుల ఏడుపు ముగిసినా ఆవిడ అక్కడే ఇరుక్కుపోయింది.

ఫోను కలిస్తే గగనం. కలిసిన ఒక్కసారి గొంతు చించుకుని అడిగింది:

"పెరడు ఎలా ఉందే?"

"అద్దంలా ఉందమ్మా! పడ్డ మంచు అంతా ఊడ్చేశా, గాలికొచ్చి పడేదీ పొద్దున్నే ఊడ్చేస్తున్నా, ఒక్క మచ్చ లేదు. సనోబర్ ఖాలా గోడ మీంచి చూసి, భలే ఊడుస్తున్నావే అంది."

"గువ్వలో?"

"రోజూ వస్తున్నాయి. గోరింకలు కూడా. ఎవరూ తొక్కని చోటే వేస్తున్నా."

అలవాటు లేని మాట కదా, రిసాలత్ నోటికి రావడానికి కొంచెం టైము పట్టింది.

"బంగారం. అలాగే చెయ్యి తల్లీ."

పెళ్ళయ్యాక ముహయ్యో విన్న మొదటి మంచి మాట అదే. ఆ మాట కోసం తర్వాత రోజుల్లో ఇంకా పొద్దున లేచింది, ఇంకా గట్టిగా ఊడ్చింది. తొల్కిన్ చీకటితో బస్సుకెళ్ళి చీకటి పడ్డాకే ఇల్లు చేరేవాడు, పెరటి వంక చూసిందే లేదు.

దారి తెరిచాక రిసాలత్ ఊరికొచ్చింది. వీధిలో అందరి పెరళ్ళలోనూ దిబ్బలు మంచు కప్పుకుని పరుపుల్లా ఉబ్బి ఉన్నాయి. తన గేటు తీసింది. వాకిలి శుభ్రంగా ఉంది. పెరట్లోకి తిరిగి, అక్కడే ఆగిపోయింది.

దిబ్బ నల్లగా ఉంది. ఒక్క మంచు రేణువు లేదు. చీపురు గీతలు మట్టి మీద దువ్విన జుట్టులా వరసగా ఉన్నాయి. పైన రొట్టె ముక్కలు, జొన్నలు. గువ్వలు మెడలు ఆడిస్తూ తీరుబడిగా ఏరుకుంటున్నాయి. రిసాలత్ దగ్గరికెళ్ళి కర్రతో పొడిచింది. కర్ర దిగలేదు. బండ మీద పొడిచినట్టు టక్కుమంది.

ముహయ్యో చేతులు తుడుచుకుంటూ, ముఖమంతా వెలుగుతో బయటికొచ్చింది. "వచ్చారా అమ్మా! చూడండి, ఎలా ఉంచానో."

"ఇదెవరు ఊడ్చమన్నారే?"

"మీరే కదమ్మా... మంచు పడితే మరీ ఊడవమన్నారు."

"పెరడు ఊడవమన్నాను! దీన్ని కాదు!"

"ఎవరూ తొక్కని చోటు ఇదొక్కటే కదమ్మా. రొట్టె ముక్కలు మంచులో కూరుకుపోతాయని ఊడ్చాను. పైగా..." ఆ పిల్ల గొంతు సన్నబడింది. "అంత మంచు మీదుంటే చెట్టుకు చలేస్తుందనుకున్నా."

అప్పుడు రిసాలత్ అన్న మాటలు అన్నీ ఇక్కడ రాయను. రాయగలిగినది ఒకటి: "మీ అమ్మ నీకు నేర్పిందల్లా లిఫ్టు మీట నొక్కడమేనా? మంచు దుప్పటే, దుప్పటి! చంటిపిల్ల మీది దుప్పటి రోజూ పొద్దున్నే లాగేశావు! ఇన్నేళ్ళు నేను కాపాడుకున్నదాన్ని ఒక్క చీపురుతో చంపావు!"

ముహయ్యో ఏడవలేదు. లోపలికెళ్ళింది. తలుపు వేసుకుందేమో అనుకుంది అత్తగారు, కాదు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న పట్టు బొంతలు, ఇంకా మడత విప్పనివి, రెండు చేతులా పట్టుకుని బయటికొచ్చి దిబ్బ మీద పరిచింది. ఎరుపు, పచ్చ, ఊదా. మళ్ళీ వెళ్ళింది, ఇంకొన్ని తెచ్చింది.

"మట్టిలో పాడవుతాయి," అంది రిసాలత్.

ఆ పిల్ల వినిపించుకోలేదు. గోడ వారన ఉన్న మంచును వట్టి చేతుల్తో తోడి ఆ బొంతల మీద పోయడం మొదలుపెట్టింది. వేళ్ళు ఎర్రగా కంది, తర్వాత తెల్లబడ్డాయి. రిసాలత్ చూస్తూ నిలబడింది. చాలు అనలేదు. కోడలు తనంతట తనే అలిసి ఆగింది.

ఆ తర్వాతి వారాలు ఆ ఇంట్లో చెప్పుకోదగ్గ మాటలేవీ లేవు. కొడుకు ఒకసారి నోరు తెరిచాడు, "అమ్మా, చెట్టే కదా, ఇంకోటి పెట్టుకుందాం" అని.

"చెట్టే కదా! నీ బడి బట్టలు నేను కుట్టించాననుకున్నావా? అదే కుట్టించింది."

తొల్కిన్ టీ తాగడం ముగించి బస్సుకెళ్ళిపోయాడు. అత్తాకోడళ్ళిద్దరూ ఒకే బొంతలో కాళ్ళు పెట్టుకుని, ఒకే నిప్పుల కుండ చుట్టూ, ఎదురెదురుగా కూర్చుని ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోకుండా రోజులు వెళ్ళదీశారు.

సనోబర్ రానే వచ్చింది. ఉప్పు కావాలని. "రిసాలత్ ఆపా, మీ కోడలు పనిమంతురాలు. దిబ్బను కూడా వదల్లేదు."

"చూశావన్నమాట."

"రోజూ చూశాగా."

"చూసి, నోరెందుకు కుట్టేసుకున్నావు? ఊరందరి సంగతీ చెప్పే నోరు ఆ ఒక్క మాట చెప్పలేకపోయిందా?"

"అయ్యో, మీ ఇంటి కోడలికి నేను చెప్తే బాగుంటుందా ఆపా? మీరు నేర్పే ఉంటారనుకున్నా."

ఉప్పు ఇచ్చి పంపింది. ఆ చివరి మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. మీరు నేర్పే ఉంటారు. రిసాలత్ ఆ మాటను తిట్టింది, సనోబర్‌ను తిట్టింది, సనోబర్ అమ్మను తిట్టింది. అయినా అది కదల్లేదు.

ఒక పొద్దున వసారాలో, దూలం కింద, ఒక గువ్వ పడి ఉంది. తీసి చేతిలో పెట్టుకుంటే ఎండుటాకంత బరువు లేదు. పైన మిగతావి బంతుల్లా ఉబ్బి, ఒకదానికొకటి ఆనుకుని కళ్ళు మూసుకున్నాయి. పెరడంతా చూసింది. ఎక్కడా గింజ లేదు.

"ఏమే, వీటికి మేత వెయ్యట్లేదా?"

ముహయ్యో తల దించుకుంది. "ఎక్కడ వేస్తే ఏం పాడవుతుందో తెలీక... భయమేసిందమ్మా. రొట్టె ముక్కలన్నీ దాచిపెట్టా." చూపించింది. సంచిలో ఎండి గట్టిపడిన ముక్కలు, ఇన్నాళ్ళవి. ఒక్కటి పారెయ్యలేదు, ఒక్కటి వెయ్యలేదు.

రిసాలత్ ఆ సంచి వంక చాలాసేపు చూసింది. కోడలు గదిలోంచి బయటికి అడుగు వేసే ముందు కూడా ఈ మధ్య తన వైపు చూస్తోందని అప్పుడు గుర్తొచ్చింది. ఇలా చూడటం తనకు తెలుసు. మోచేతి మీద గిల్లు పడుతుందేమోనని చూసే చూపు అది.

పాత తలుపు రెక్క ఒకటి ఈడ్చుకొచ్చి, ఖాళీ డ్రమ్ము మీద అడ్డంగా పెట్టింది. "ఇక్కడ వెయ్యి. తొక్కడానికి నీకు రెక్కలు లేవుగా."

ఆ పిల్ల నవ్వాలో వద్దో తెలియక నిలబడింది. అయినా మేత వేసింది. చచ్చిన గువ్వను రిసాలత్ గోడ వారన తవ్వి పెడదామంటే నేల తెగలేదు. గుడ్డలో చుట్టి మంచులో పెట్టి వచ్చింది.

ఎండ ముదిరింది. దిబ్బ తెరిచే రోజులొచ్చాయి. వీధంతా రిసాలత్ పారకోసం ఎదురుచూస్తోంది. ఆవిడ నడుం నొప్పంది, గాలి తిరగలేదంది, ఇంకో చలి ఉందంది. మట్టి కింద ఉక్క పడితే నిద్రలేచిన చిగుళ్ళు కుళ్ళిపోతాయి, ఆలస్యం చేస్తే పక్కవాళ్ళ చెట్లూ పోతాయి. అది ఆవిడకు తెలియనిదా? తెలుసు. అయినా వారం గడిపింది. చివరికి తొల్కిన్ చేతికి పార ఇచ్చి, "తియ్యి" అంది.

ఆడవాళ్ళు పోగయ్యారు. సనోబర్ అందరికన్నా ముందుంది. బొంతలు తీశారు. పట్టంతా మట్టిమరకలు, తేమకు రంగులు ఒకదాన్నొకటి అంటించుకున్నాయి. మట్టి తీశారు, రెల్లు తీశారు. ముహయ్యో టీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

కొమ్మలు బయటపడ్డాయి. బెరడు ముడతలు పడి ఉంది. రిసాలత్ వంగి గోటితో గీరింది. పచ్చ లేదు, గోధుమ రంగు. ఇంకో కొమ్మ. ఇంకోటి. అదే.

"ఏమైంది ఆపా?" అంది సనోబర్, అందరికీ వినిపించేలా. "ఎన్నడూ లేనిది, పూడ్చడంలో ఏమన్నా పొరపాటు జరిగిందా? లేకపోతే..." అని గుమ్మం వైపు చూసింది. దాంతో అందరి తలలూ అటు తిరిగాయి.

ఒక్క మాట చాలు. పట్నం పిల్ల, దిబ్బ ఊడ్చింది, అంటే రిసాలత్ పేరు రిసాలత్‌కు ఉంటుంది. నిజమూ అదే, అబద్ధం ఆడక్కర్లేదు. ఆ మాట ఆవిడ నాలుక చివరే ఉంది. ఇన్నేళ్ళలో ఆ నాలుక ఏ మాటనూ అలా చివర నిలబెట్టి ఉంచలేదు.

"పొరపాటే," అంది. "నాదే. ఊడవమన్న నోరు నాది. ఎక్కడ ఊడవకూడదో చెప్పని నోరూ నాదే. ఫోనులో బంగారం అని మెచ్చుకున్నదీ నేనే. చెప్పింది చెప్పినట్టు చేసింది ఆ పిల్ల. మీ కోడళ్ళు చేస్తారా? చెయ్యరు. అందుకే మీ చెట్లు బతికున్నాయి."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. సనోబర్ కొంగు సర్దుకుంది. "అయితే మా దిబ్బలు మేం తెరుచుకుంటాం ఆపా. మీకెందుకు శ్రమ." మెల్లగానే అంది. పొమ్మనే వాళ్ళు మెల్లగానే అంటారు. ఒక్కొక్కరే గేటు దాటారు. టీ ఎవరూ తాగలేదు. కాసేపటికి వీధిలో అటూ ఇటూ పారల చప్పుడు మొదలైంది. ఎవరికి వాళ్ళు, ఆవిడను పిలవకుండా.

రిసాలత్ ఆ చప్పుడు విన్నంతసేపు విని, రంపం తెచ్చుకుంది. "ఇలా రా. ఇక్కడ పట్టుకో. కదలనివ్వకు."

ముహయ్యో వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని కాండాన్ని రెండు చేతులా పట్టుకుంది. కోసిన చోట ఎండు కట్టె. ఇంకాస్త కిందికి కోసింది, ఎండు కట్టే. వేళ్ళ దగ్గర మట్టి తోడి, వేరు మొదట్లో కోసింది. ఇద్దరూ వంగి చూశారు. చాలాసేపు ఏమీ లేదు.

"అమ్మా, ఇక్కడ."

గోడ వైపున్న వేరు మీద, కోసిన అంచున, ఆవగింజంత తెల్లని చుక్క. రిసాలత్ దాన్ని వేలికి అద్ది నాలుక మీద పెట్టుకుంది. బతికున్న చెట్టు పాలు అయితే మండాలి. కళ్ళు మూసుకుంది.

"మండుతోందా?"

"మండుతోంది. ఈ ఒక్క పక్కే." కళ్ళు తెరిచింది. "చిగురొస్తే వస్తుంది, రాకపోతే లేదు. వచ్చినా కాయ మూడేళ్ళకు."

"మీ పేరు..." అని ఆగిపోయింది ముహయ్యో. "నావల్ల మీ పేరు పోయింది కదమ్మా."

"పోయింది," అంది రిసాలత్. ఓదార్పుకి కాదనే మనిషి కాదు ఆవిడ. వీధిలో ఎవరిదో పార రాయికి తగిలి కణంగుమంది, ఆవిడ తల అటు తిరిగింది, మళ్ళీ ఇటు తిరిగింది. "ఆ మట్టి ఇటు జరుపు. మెత్తటిది. గట్టిగా అదమకు, ఊపిరాడాలి. ఎందుకని అడగవేమే?"

ముహయ్యో గుప్పిట్లో మట్టితో ఆగి అత్తగారి ముఖంలోకి చూసింది.

"ఎందుకమ్మా?" అంది.

రిసాలత్ చెప్పడం మొదలుపెట్టింది.